“డబ్బంతా అప్పే, బ్యాంకులన్నీ మోసమే” అన్న డాక్యుమెంటరీ చూశాక నాన్నగారి ఎఫ్‌డీలు తీసేయాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య ‘జైట్‌గైస్ట్’ డాక్యుమెంటరీల లింకులు పంపారు, మీరు మొదటి రెండు భాగాలూ చూశారు. బ్యాంకులు గాల్లోంచి డబ్బు పుట్టిస్తాయనీ, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ కొద్దిమంది ధనవంతుల చేతిలోని ప్రైవేటు సంస్థ అనీ, మనుషుల్ని బానిసలుగా ఉంచడానికే ఈ అప్పుల వ్యవస్థ పెట్టారనీ అందులో చెప్పారు. రెండు రాత్రులు మీకు నిద్ర పట్టలేదు. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు 18 లక్షలు ఎఫ్‌డీల్లో ఉంటే, అది తీసి బంగారం కొనమని అన్నయ్య రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇందులో నిజమెంత, అన్నయ్యకు ఏం చెప్పాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ సినిమా చూసి ఎఫ్‌డీలు తీయకండి. డబ్బు ఎలా పుడుతుందో అది చెప్పినదాంట్లో చాలా భాగం నిజమే. దాన్ని ఎవరు, ఎందుకు చేయిస్తున్నారో చెప్పినదాంట్లో చాలా భాగానికి ఆధారం లేదు. ఈ రెంటినీ విడదీసి చూస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. నేను 1990లో క్లర్కుగా చేరి, ముప్పై ఏళ్లు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం అప్పుల విభాగంలోనే గడిచింది. కాబట్టి నా చేత్తో చేసిన పనిలోంచే చెప్తాను.

చేరిన కొత్తలో మా బ్రాంచిలో ఒక రైతుకు ట్రాక్టర్ లోన్ శాంక్షన్ అయింది. లక్షా ఇరవై వేలు. వోచర్లు రాయమని మేనేజర్ గారు నాకిచ్చారు. ఒక వోచరు రైతు లోన్ ఖాతాకి డెబిట్, ఇంకొకటి ట్రాక్టర్ డీలర్ కరెంట్ ఖాతాకి క్రెడిట్. ఆ డీలర్ ఖాతా మా బ్రాంచిలోనే ఉంది. రెండు లెడ్జర్లు తెరిచి రెండు చోట్లా అంకె వేశాను. సాయంత్రం క్యాషియర్ నోట్లు లెక్కపెట్టి క్యాష్ టాలీ చేశారు. రూపాయి తేడా లేదు. ఎవరి డిపాజిట్‌లోంచీ పైసా తగ్గలేదు. కానీ బ్రాంచి మొత్తం డిపాజిట్లు పొద్దున్నకంటే లక్షా ఇరవై వేలు ఎక్కువ చూపిస్తున్నాయి. తప్పు చేశానేమోనని మూడుసార్లు కూడాను. తప్పు లేదు. అప్పు ఇచ్చినప్పుడే ఆ డిపాజిట్ పుట్టింది.

మీ సినిమా చెప్పే రహస్యం ఇదే, అది నిజం. దీన్ని ఎవరూ దాచలేదు కూడా. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లో తన త్రైమాసిక పత్రికలో ఇదే విషయాన్ని ఒక వ్యాసంగా వేసింది: బ్యాంకులు ఒకరి పొదుపు తీసి ఇంకొకరికి ఇచ్చే మధ్యవర్తులు మాత్రమే అనుకోవడం పొరపాటు, అప్పు ఇస్తూనే కొత్త డిపాజిట్లు సృష్టిస్తాయి అని. రెండో సినిమా తన వాదనకు పట్టుకున్న ఆధారం కూడా షికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు జనం కోసం తనే అచ్చువేసిన చిన్న పుస్తకం. రహస్యమైతే వాళ్లే అచ్చువేసి పంచరు కదా. మన స్కూళ్లలో, కాలేజీల్లో ఈ సంగతి సరిగా చెప్పకపోవడం మాత్రం పెద్ద లోపం. చదువుకున్న మనిషికి ముప్పై ఏళ్ల వయసులో ఒక సినిమా ద్వారా మొదటిసారి తెలిస్తే, “ఇన్నాళ్లూ నా దగ్గర దాచారు” అనిపించడం సహజం. ఆ కోపంలో ఉండగానే సినిమా మిగతా మాటలన్నీ మనసులోకి ఎక్కించేస్తుంది.

సినిమా చెప్పనిది చూడండి. ఆ డీలర్ మర్నాడు వేరే బ్యాంకులో ఉన్న తన కంపెనీ ఖాతాకు డబ్బు పంపాలి. అప్పుడు మా బ్యాంకు క్లియరింగ్‌లో, అంటే బ్యాంకులు ఒకదానికొకటి లెక్క తీర్చుకునే చోట, అసలు డబ్బు కట్టాలి, మాటలు చెల్లవు. అదిగాక, నేను చేరిన ఆ రోజుల్లో డిపాజిట్లలో 15 శాతం రిజర్వ్ బ్యాంకు దగ్గర సీఆర్ఆర్ కింద ఉంచాలి, మరో 38.5 శాతం ఎస్ఎల్ఆర్ కింద ప్రభుత్వ బాండ్లలాంటి వాటిల్లో పెట్టాలి. నూటికి సగం పైనే అలా కట్టేసి ఉండేది. ఇప్పుడు ఆ శాతాలు బాగా తగ్గాయి, అమెరికాలో అయితే 2020 మార్చి నుంచి ఈ రిజర్వు నిబంధన సున్నా. దానికి బదులు ఇప్పుడు గట్టిగా పట్టి ఉంచేది సొంత మూలధనం. మన దేశంలో బ్యాంకు ఇచ్చే అప్పుల రిస్కును బట్టి కనీసం 9 శాతం సొంత పెట్టుబడి చూపించాలి, దాని మీద ఇంకో 2.5 శాతం అదనపు రక్షణ. అప్పు మొండిబాకీ అయితే ముందు పోయేది ఆ సొంత పెట్టుబడే. ఇక రైతు వాయిదాలో అసలు కట్టినప్పుడల్లా నేను లెడ్జర్లో పుట్టించిన డబ్బు అంతే మేరకు మాయమవుతుంది. పుట్టడం ఒక్కటే చూపించి, చావడం చూపించకపోతే ఎవరికైనా భయమే వేస్తుంది.

“వడ్డీకి డబ్బే పుట్టించలేదు, కాబట్టి ఎవరో ఒకరు దివాలా తీయక తప్పదు” అన్న వాదన మిమ్మల్ని బాగా కదిలించిందని రాశారు. నన్ను ఎక్కువమంది అడిగేది కూడా ఇదే. వినగానే లెక్క సరిపోయినట్టు ఉంటుంది: ఊరు మొత్తానికి వంద రూపాయలే ఉన్నాయి, బ్యాంకుకు నూటపది కట్టాలి, ఆ పది ఎక్కణ్ణించి వస్తుంది?

ఇందులో పొరపాటు ఏమిటంటే, కట్టిన వడ్డీ బ్యాంకులో గొయ్యి తీసి పాతిపెట్టినట్టు అనుకోవడం. రైతు ఐదు రూపాయల వడ్డీ కడితే, అందులోంచే బ్యాంకు నాకు జీతం ఇచ్చింది, మీ నాన్నగారిలాంటివారికి ఎఫ్‌డీ వడ్డీ ఇచ్చింది, బిల్డింగ్ ఓనరుకు అద్దె కట్టింది. నేను ఆ జీతంతో ఆ రైతు దగ్గరే బియ్యం కొన్నాను. అదే ఐదు మళ్లీ ఆయన చేతికి వెళ్లింది, దానితోనే ఆయన రెండో వాయిదా వడ్డీ కట్టాడు. ఒకే నోటు ఏడాదిలో పదిసార్లు చేతులు మారి పది బాకీలు తీర్చగలదు. ఉన్న నోట్ల సంఖ్యనూ ఏడాదిలో జరిగే చెల్లింపుల మొత్తాన్నీ ఒకటే అనుకుంటే ఈ చిక్కు వస్తుంది.

అలాగని ఆ భయంలో పస లేదని నేను అనను. అందరూ ఒకేసారి ఖర్చు ఆపేసి, బ్యాంకులు ఒకేసారి కొత్త అప్పులు ఆపేస్తే ఆ డబ్బు చేతులు మారడం ఆగుతుంది. అప్పుడు కష్టపడే మనిషికీ వాయిదా కట్టే దారి ఉండదు. 2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలాక ప్రపంచం అదే చూసింది. మీరు చూసిన రెండో భాగం సరిగ్గా ఆ అక్టోబరులోనే విడుదలైంది, అదే నెలలో అమెరికా ప్రభుత్వం బ్యాంకుల్ని నిలబెట్టడానికి 70 వేల కోట్ల డాలర్ల ప్యాకేజీకి చట్టం చేసింది. ఇల్లు పోగొట్టుకున్నవాడికి పెద్దగా ఏమీ దక్కలేదు, ఇల్లు జప్తు చేసినవాడికి ఆదుకునే చెయ్యి దొరికింది. ఆ రోజుల్లో అంతమంది ఆ సినిమాను నమ్మారంటే వాళ్లు తెలివితక్కువవాళ్లయి కాదు. వాళ్లు కళ్లారా చూస్తున్న అన్యాయానికి ఒక కథ దొరికింది.

ఇక ఫెడరల్ రిజర్వ్ సంగతి. 1910 నవంబరులో జార్జియా తీరంలోని జెకిల్ ఐలండ్‌లో రహస్య సమావేశం జరిగిందన్నది కల్పన కాదు. సెనేటర్ నెల్సన్ ఆల్డ్రిచ్, బ్యాంకర్లు పాల్ వార్‌బర్గ్, ఫ్రాంక్ వాండర్‌లిప్, హెన్రీ డేవిసన్ లాంటివాళ్లు బాతుల వేటకని చెప్పి వెళ్లి, కేంద్ర బ్యాంకుకు ప్రణాళిక రాశారు. వాండర్‌లిప్ స్వయంగా తర్వాత ఒప్పుకున్నాడు. కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఆ తర్వాత ఆల్డ్రిచ్ ప్రణాళిక ఆ రూపంలో చట్టం కాలేదు. 1912 ఎన్నికల్లో డెమొక్రాట్లు గెలిచి, ప్రభుత్వం నియమించే బోర్డును పైన పెట్టి బిల్లును మార్చి రాశారు. 1913 డిసెంబరు 23న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ సంతకం చేశాడు. ఈనాటికీ ఆ బోర్డులో ఏడుగురినీ అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి. కింద ఉన్న పన్నెండు ప్రాంతీయ రిజర్వ్ బ్యాంకుల వాటాలు సభ్య బ్యాంకుల దగ్గర ఉన్న మాట నిజమే. కానీ ఆ వాటాలు అమ్ముకోవడానికి వీల్లేదు, డివిడెండుకు చట్టం పరిమితి పెట్టింది, ఖర్చులు పోను మిగిలే లాభం అమెరికా ఖజానాకు పోతుంది. ఆ సంస్థ వాల్ స్ట్రీట్‌కి మరీ దగ్గరగా ఉంటుందన్న విమర్శతో నేను ఏకీభవిస్తాను. కొద్దిమంది ఇంటి ఆస్తి అన్న మాటతో ఏకీభవించను.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. మన రిజర్వ్ బ్యాంకు కూడా 1935 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు ప్రైవేటు వాటాదారుల సంస్థే. 1949 జనవరి 1న జాతీయం చేశారు. దీన్నే తీసుకుని భయపెట్టే సంగీతం వేసి గంట సినిమా తీయవచ్చు. తీస్తే చూసినవాళ్లు మళ్లీ నిద్రపోరు.

కుట్రలే ఉండవని మీ అన్నయ్యకు మాత్రం చెప్పకండి, అది అబద్ధం అవుతుంది. హైదరాబాద్‌లోనే చూశాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, కంపెనీ పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. లండన్‌లో బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే లైబర్ వడ్డీ రేటును బ్యాంకుల ట్రేడర్లు తమకు కావలసినట్టు జరుపుకున్నారని తేలి, 2012లో బార్‌క్లేస్ జరిమానా కట్టింది. ఇవి నిజమైన కుట్రలు. వీటిల్లో కొద్దిమంది మనుషులు, వాళ్లకొక లాభం, దొరికిన కాగితాలు, చివరికి ఎవరో ఒకరు నోరు విప్పడం ఉంటాయి. వందేళ్లపాటు లక్షలమంది గుమాస్తాలు, ఆఫీసర్లు, ఆడిటర్లు, ప్రభుత్వాలు మారినా ఒక్కరూ బయటపెట్టని పథకం వేరు. నాలాంటివాళ్లం టీ కొట్టు దగ్గర మేనేజర్ ట్రాన్స్‌ఫర్ విషయమే రెండు రోజులు దాచలేకపోయేవాళ్లం.

ఇంకొక పరీక్ష ఉంది. మొదటి సినిమా వచ్చింది 2007లో. అమెరికా, కెనడా, మెక్సికోలను ఒకటి చేసి డాలర్ స్థానంలో ‘అమెరో’ అనే కరెన్సీ తెస్తున్నారని అందులో చెప్పారు. అన్నయ్య జీతం ఇప్పటికీ డాలర్లలోనే వస్తోంది. గడువు దాటిన జోస్యాలను వెతకండి. ఇలాంటి ప్రతి సినిమాలోనూ ఒకటో రెండో దొరుకుతాయి.

ఒక హెచ్చరిక కూడా గట్టిగా చేయాలి. బ్యాంకర్ల కుట్ర కథల నుంచి వచ్చే యూట్యూబ్ సజెషన్లు చూస్తూ పోతే, నాలుగో వీడియోకో ఐదో వీడియోకో ఒక కుటుంబం పేరు, ఒక జాతి పేరు వస్తాయి. యూదులు ప్రపంచాన్ని ఏలడానికి రాసుకున్న పథకమని చెప్పి 1903లో రష్యాలో అచ్చువేసిన పత్రాలు పచ్చి దొంగ పత్రాలని లండన్ టైమ్స్ 1921లోనే రుజువు చేసింది. అయినా ఆ దొంగ పత్రాల మాటలే కొత్త బట్టలు వేసుకుని ఇప్పుడు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతున్నాయి. వ్యవస్థ మీద ఉండాల్సిన కోపం ఒక జాతి మీదకు మళ్లిందంటే ఆ వీడియో అక్కడే ఆపేయండి.

భయంతో డబ్బు కదిపితే ఏమవుతుందో నేను చూసింది చెప్తాను. 2017 ఆగస్టులో, మునిగే బ్యాంకులను ఏం చేయాలో చెప్పే ఎఫ్ఆర్‌డీఐ బిల్లు పార్లమెంటులో పెట్టారు. బ్యాంకు మునిగిపోయే పరిస్థితి వస్తే డిపాజిటర్ల డబ్బును కూడా వాడుకునే వీలు కల్పించే నిబంధన అందులో నిజంగానే ఉంది. ఇన్సూరెన్స్ ఉన్న మేరకు డిపాజిట్లను మినహాయించారు, కానీ ఆ ఇన్సూరెన్స్ ఎంత అన్న అంకె బిల్లులో లేదు. అదే జనం భయానికి ఆజ్యం పోసింది. ఆ డిసెంబరులో రిటైరైన ఒక మాస్టారు మా బ్రాంచికి వచ్చారు. వాట్సాప్‌లో వచ్చింది ప్రింటు తీయించి, నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చుకున్నారు. ఆ కాగితం నా టేబుల్ మీద విప్పి, చేత్తో సాపు చేస్తూ, “ఇందులో అబద్ధమేదో చూపించండి” అన్నారు. సగం నిజమని చెప్పాను. మిగతా సగం వినే ఓపిక ఆయనకు లేకపోయింది. తొమ్మిది లక్షల ఎఫ్‌డీ గడువుకు ముందే తీసేసి, వడ్డీలో కోత పడినా సరేనని వెళ్లిపోయారు. బిల్లును 2018 ఆగస్టులో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అప్పటికే ఆయన ఆ డబ్బును తెలిసినవాళ్లకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చారు. ఎనిమిది నెలలు వడ్డీ వచ్చింది, తర్వాత మనిషి ఊళ్లో లేడు. బ్యాంకు మీద నమ్మకం పోయినప్పుడు మన దగ్గర డబ్బు ఖాళీగా కూర్చోదు. అంతకంటే ప్రమాదమైన చోటికి పోతుంది.

మరి బ్యాంకులు మునగవా? మునుగుతాయి. 2004 జూలైలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం పెట్టి, పది వేలకు మించి తీయనివ్వలేదు. మూడు వారాల్లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు, డిపాజిటర్ల డబ్బు నిలిచింది, షేర్లు కొన్నవాళ్లకు మాత్రం ఏమీ దక్కలేదు. 2019లో ముంబయిలోని పీఎంసీ సహకార బ్యాంకు డిపాజిటర్లు దీర్ఘకాలం నానా కష్టాలు పడ్డారు. కాబట్టి నాన్నగారి డబ్బు విషయంలో నా సలహా ఇదీ.

డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు ఉంటుంది. 2020 ఫిబ్రవరి 4కు ముందు అది లక్షే. ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచిల్లో వేసినా లెక్క ఒక్కటే. 18 లక్షలూ ఏదైనా చిన్న సహకార బ్యాంకులో ఉంటే ఈ నెలలోనే విడదీయండి. అర శాతం వడ్డీ ఎక్కువ ఇస్తున్నారని అక్కడే ఉంచకండి. పెద్ద ప్రభుత్వ బ్యాంకులో ఉంటే హడావిడి పడక్కర్లేదు, గడువు తీరినప్పుడు రెండు మూడు చోట్లకు పంచండి చాలు. నాన్నగారికి అరవై దాటితే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షల వరకు పెట్టవచ్చు, దానికి కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. బంగారం కొంత ఉండటం మంచిదే, నూటికి పది పదిహేను వంతులు. మొత్తం బంగారంలో పెడితే నాన్నగారి మందుల ఖర్చుకు నెల నెలా దేన్ని అమ్ముతారు? నగలైతే తరుగు, మజూరీ కింద కొన్న రోజే కొంత పోతుంది.

అన్నయ్యతో మాట్లాడటమే అన్నిటికంటే కష్టం. దీంట్లో నేను ఒకసారి తప్పు చేశాను. 2009లో మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు పోయి హైదరాబాద్‌లో బెంచ్ మీద ఉన్నాడు. ఇదే సినిమా చూసి, రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి, “మావయ్యా, నువ్వు చేసే ఉద్యోగం ఇదేనా?” అని అడిగాడు. నేను నవ్వేశాను. తర్వాత ఏడాది దాకా వాడు డబ్బు గురించి గానీ ఉద్యోగం గురించి గానీ నాతో మాట్లాడలేదు. వాడికి కావలసింది ఫెడరల్ రిజర్వ్ చరిత్ర కాదు. బాగా చదివి, బాగా పనిచేసిన తనను ఎందుకు పక్కన కూర్చోబెట్టారో చెప్పేవాళ్లు కావాలి. ఆ సినిమా చెప్పింది, నేను చెప్పలేదు.

అందుకే మీరు ముందు అన్నయ్య ఉద్యోగం ఎలా ఉందో, వీసా టెన్షన్ ఏమైనా ఉందో అడగండి. సినిమా విషయం వస్తే, అందులో నిజమైనవి మీరే ముందు ఒప్పుకోండి: డబ్బు అప్పుగా పుడుతుంది, జెకిల్ ఐలండ్ జరిగింది, 2008లో సామాన్యుడికి అన్యాయం జరిగింది. ఆ తర్వాత ఒక ఫోన్‌కి ఒక్క మాటే తీసుకోండి. “వడ్డీ డబ్బు ఎక్కడికి పోతుంది అన్నయ్యా?” అని ఒక ఆదివారం అడిగి, కాగితం మీద ఇద్దరూ కలిసి లెక్క వేయండి. అమెరో సంగతి ఇంకో ఆదివారం. అన్నీ ఒకేసారి విప్పబోతే గొడవే మిగులుతుంది. ఆయన మారకపోయినా పర్వాలేదు, నాన్నగారి డబ్బు నిర్ణయం నాన్నగారిది. ఆయన్ని కూర్చోబెట్టి ఇదంతా మీరు తెలుగులో, నిదానంగా చెప్పండి. ఇంట్లో మీ ఇద్దరి వాదనే విని ఆయన ఇప్పటికే కంగారు పడుతూ ఉంటారు.

అన్నట్టు, ఆ ఎఫ్‌డీ రసీదులన్నీ ఒకసారి బయటకు తీసి ప్రతిదానికీ నామినీ పేరు నమోదై ఉందో లేదో చూడండి. నా సర్వీసులో కుట్రల వల్ల డబ్బు రాక ఏడ్చినవాళ్లకంటే, నామినీ లేక ఏళ్ల తరబడి బ్రాంచి చుట్టూ తిరిగిన కుటుంబాలను చాలా ఎక్కువమందిని చూశాను. ఫారం ఒక పేజీ, పది నిమిషాల పని.